బండి తాగే నీళ్ళు: జీవ ఇంధనాల్లో దేన్ని ఎంచుకోవాలి?

మా బావ మడకశిర నుంచి ఫోన్ చేశాడు. “బామ్మర్దీ, ఉండేది ఆరెకరాలు. ఒకడొచ్చి మొక్కజొన్న వెయ్యి, ఇథనాల్ ఫ్యాక్టరీకి నేనే కొంటా అంటాండాడు. ఇంకొకడు సోలారుకు లీజుకియ్యి అంటాండాడు. నేపియర్ గడ్డి అనేవాడు ఒకడు. నువ్వు బెంగళూర్లో కూచోని ఏమేమో చదువుతుంటావు గదా, ఏం చెయ్యల్ల చెప్పు” అన్నాడు.

జవాబు చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. బావ పొలం లెక్క మొదలుపెడితే అది నా కారు పెట్రోలు దగ్గరికి, మా హొరమావు అపార్ట్‌మెంటు చెత్తబుట్ట దగ్గరికి కూడా వచ్చింది. ఊళ్ళో నేల, ఇక్కడ ఫ్లాటు, ఫ్లాటు కింద ఒక పాత బండి: బెంగళూరు తెలుగువాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి మూడింటికీ కలిపి రాస్తున్నా.

ముందు ట్యాంకరు లెక్క. 2024 మార్చిలో బెంగళూరు ప్రభుత్వ బోర్లు దాదాపు 14 వేలలో సగం ఎండిపోయాయి. ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్ల ట్యాంకరు 600 రూపాయలని ప్రభుత్వం ధర కట్టింది. ఆ ధరకు మా గేటు దాకా వచ్చిన ట్యాంకరును నేనైతే చూడలేదు. దానికి ఏడాది ముందు, 2023 ఫిబ్రవరి 6న, ఈ20 పెట్రోలును ప్రధాని మొదలుపెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఈ20 అంటే ఐదో వంతు ఇథనాల్ (పంట సరుకును పులియబెట్టి తీసే మద్యసారం) కలిపిన పెట్రోలు. పది లీటర్లు పోయించుకుంటే అందులో రెండు లీటర్లు ఇథనాల్. చెరుకు నుంచి లీటరు ఇథనాల్ తియ్యడానికి సుమారు 2,860 లీటర్ల నీళ్ళు కావాలని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే ఉంది. రెండు లీటర్లకు 5,720. ఆ రెండు లీటర్లూ చెరుకువే అయితే, కారులో పది లీటర్లు పోయించిన ప్రతిసారీ ఒక ట్యాంకరు నీళ్ళు ఎక్కడో పొలంలో ఖర్చయినట్టు.

అన్నీ చెరుకువి కావు. అందుకే పోల్చి చూడాల్సి వస్తుంది. ‘జీవ ఇంధనం మంచిదా, చెడ్డదా’ అనే ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ సరుకు నుంచి తీశారు, దానికి పోసిన నీళ్ళు వానవా, కాలువవా, బోరువా, ఆ సరుకు బండికి పోకపోతే ఎవరి నోటికి పోయేది, ఆ నేల మీద ఇప్పుడు ఎవరు బతుకుతున్నారు – ఇవి అడిగితే ఒక్కో ఇంధనానికి ఒక్కో జవాబు వస్తుంది. ఢిల్లీలో పెట్రోలియం శాఖ, వ్యవసాయ శాఖ, జలశక్తి శాఖ వేరువేరు. బావ పొలంలో మాత్రం ఈ నాలుగు ప్రశ్నలూ ఒకే గట్టు మీద కలుస్తాయి.

చెరుకు: ఒకే గడ, మూడు ఇథనాల్‌లు

చెరుకు ఇథనాల్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో మూడు రకాలున్నాయి. రసం నుంచి తీయగలిగినంత చక్కెర తీసేశాక మిగిలే నల్లటి మడ్డి నుంచి తీసేది సి-హెవీ మొలాసిస్ ఇథనాల్. కొంత చక్కెర వదిలేసి మధ్యలోనే పక్కకు తీసిన మడ్డి నుంచి చేసేది బి-హెవీ. అసలు చక్కెర జోలికే పోకుండా రసాన్నంతా పులియబెడితే మూడోది. టన్ను చెరుకు రసాన్ని మొత్తం ఇథనాల్‌కే పెడితే 70 లీటర్లు వస్తుంది, చక్కెర రాదు. చివరి మడ్డి దారిలో పోతే సుమారు వంద కిలోల చక్కెరా వస్తుంది, దాంతోపాటు పది లీటర్ల ఇథనాలూ వస్తుంది. 2,860 అనే లెక్క రసం దారిది. మడ్డి ఇథనాల్ మీద అంత నీటి బరువు వెయ్యడం న్యాయం కాదు, ఆ నీళ్ళు చక్కెర ఖాతాలో ఇదివరకే పడ్డాయి.

2024-25 సీజనుకు లీటరు ధరలు చూడండి: సి-హెవీ 57.97, బి-హెవీ 60.73, రసం 65.61. రసం దారిలో చక్కెర పోగొట్టుకుంటారు కాబట్టి మిల్లుకు ఎక్కువ ఇస్తున్నారు. మిల్లు వైపు నుంచి అది సబబే. నీళ్ళ వైపు నుంచి చూస్తే ఎక్కువ దాహం ఉన్నదానికి ఎక్కువ బహుమతి. 2023 డిసెంబరులో చక్కెర ఉత్పత్తి తగ్గుతుందని భయం వేసి కేంద్రం రసం నుంచి ఇథనాల్ తియ్యడాన్ని ఆపమంది, పది రోజుల్లో కొంత సడలించింది, మరుసటి సీజనుకు పూర్తిగా వదిలేసింది. తిండి, ఇంధనం ఒకే గడలో ఉంటే ఇట్లాగే అవుతుంది.

ఇథనాల్ వల్ల మంచి జరగలేదని కాదు. చెరుకు రైతుకు మిల్లులు ఏళ్ళ తరబడి బాకీ పెట్టే రోజులు తగ్గాయి. 2014-15 నుంచి 1.4 లక్షల కోట్లకు పైగా విదేశీ మారకద్రవ్యం మిగిలిందని ప్రభుత్వం చెప్తోంది. ఇంధనం కొనే దేశానికి అది చిన్న సంగతేం కాదు.

కానీ ఈ ఊరి నుంచి చూడండి. మండ్య చెరుకు విశ్వేశ్వరయ్య కాలువ మీద పండుతుంది. ఆ కాలువకూ మా కొళాయికీ ఒకటే కావేరి. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు కరెంటు పెట్టి తోడుకుంటే తప్ప బెంగళూరుకు ఎక్కవు. 2018 ఫిబ్రవరి తీర్పులో సుప్రీంకోర్టు ఈ నగరం తాగునీటికని అదనంగా ఇచ్చింది 4.75 టీఎంసీలు. అదే నదిలో చెరుకు ఎంత తాగుతుందో ఎవరూ కోర్టుకు పోయి అడగరు. ఇక కర్ణాటక చెరుకులో సింహభాగం బెళగావి, బాగల్‌కోట వైపు, కృష్ణా పరీవాహకంలో ఉంది. జూరాలకు, శ్రీశైలానికి నీళ్ళు తక్కువొచ్చాయని పోట్లాడుకునే మనం ఆ పైన ఏ పంట ఉందో కూడా ఒకసారి చూసుకోవాలి.

నా మాట: చివరి మడ్డి నుంచి తీసిన ఇథనాల్ సరే. రసం నుంచి తీసింది, అదీ మన దక్షిణాది ఎండిన నదుల కింద, వద్దు. బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి పెట్రోల్లో 30 శాతం కలుపుతోంది గదా అంటారు. అక్కడ చెరుకు చాలావరకు వాన మీద పండుతుంది. మన చెరుకుకు మనమే తడులు పెట్టాలి.

బోరు కింద అయితే అసలు లెక్కే కుదరదు

దీన్ని నేను బావకు కాగితం మీద వేసి పంపించా. మడకశిరలో బోరు 900 అడుగులు. చెరుకు అక్కడ ఎవరూ వెయ్యరు, అయినా ఉదాహరణకు అనుకుందాం. 2,860 లీటర్ల నీళ్ళను 900 అడుగుల లోతు నుంచి పైకి లాగడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 2.1 యూనిట్లు కావాలి. మోటారు, పంపు కలిపి నూటికి నలభై వంతే పనిచేస్తాయనుకుంటే (మన పల్లెల్లో అదే ఎక్కువ) 5.3 యూనిట్లు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి 21 మెగాజౌళ్ళు, అంటే 5.8 యూనిట్లు.

అంటే నీళ్ళు తోడటానికి పెట్టిన కరెంటు, వచ్చిన ఇంధనం దాదాపు సమానం. ఎరువు, దుక్కి, నరికే కూలి, లారీ, డిస్టిలరీ బాయిలర్ ఇంకా లెక్కలోకి రానే లేదు. ఇది కాగితం మీద కనపడదు, ఎందుకంటే ఆంధ్రలో సాగుకు పగటిపూట 9 గంటలు కరెంటు ఉచితం, కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా ఉచితం. ఉచిత కరెంటు వద్దని నేననను. అది లేకపోతే మా అక్కవాళ్ళు ఎప్పుడో బెంగళూరులో కూలికి దిగేవాళ్ళు. కానీ ఆ కరెంటుతో తోడిన నీళ్ళు తిండికి పోవాలి గానీ, ట్యాంకులోకి కాదు.

మొక్కజొన్న: వాన మీదైతే ఒక మాట, బోరు మీదైతే ఇంకో మాట

ఇప్పుడు ఇథనాల్‌కు అందరికంటే ఎక్కువ సరుకిచ్చేది చెరుకు కాదు, మొక్కజొన్న. 2024-25లో పెద్ద వాటా దానిదే. లీటరుకు 71.86 రూపాయలు, అన్నిటికంటే ఎక్కువ ధర. టన్నుకు 380 లీటర్లు. దావణగెరె, హావేరి వైపు ఖరీఫ్‌లో వాన మీదే పండుతుంది కాబట్టి నీళ్ళ విషయంలో చెరుకుకు చాలా నయం. అదే రబీలో వరి కోసిన తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల డెల్టాలో వేసేది కాలువ నీళ్ళతో, దిగుబడీ రెండింతలు. ‘మొక్కజొన్న ఇథనాల్’ అని ఒకే పేరు పెట్టుకున్నా రెంటి నీళ్ళ లెక్కా ఒకటి కాదు.

తిండి సంగతి వేరే. మొక్కజొన్న మనం పెద్దగా తినకపోయినా మన కోళ్ళు తింటాయి. గుడ్డు ధర వెనక మొక్కజొన్న ధర ఉంది. ఇథనాల్ కొనుగోళ్ళు పెరిగాక ఎప్పుడూ ఎగుమతి చేసే దేశం 2024లో మొక్కజొన్నను నికరంగా దిగుమతి చేసుకునే స్థితికొచ్చింది. డిస్టిలరీలో పిండి పదార్థం పోగా మిగిలిన పొడి, డీడీజీఎస్ అంటారు, మాంసకృత్తులతో మళ్ళీ కోళ్ళ దాణాలోకే పోతుంది. అది సోయా చెక్కతో పోటీ పడి సోయా రైతు ధర తగ్గిస్తుంది. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బుతుంది.

రైతు అసలు చూడాల్సింది ఇంకొకటి. ఈ ధర పొలంలోనో మార్కెట్ యార్డులోనో కాదు, ఢిల్లీలో పుడుతుంది. ప్రభుత్వం ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యాన్ని చవగ్గా (2025లో కిలో 22.50కి ఇచ్చింది) డిస్టిలరీలకు ఇస్తే, ఫ్యాక్టరీ అటు తిరిగిపోతుంది. 2025 నవంబరులో కర్ణాటకలో మద్దతు ధర క్వింటాలుకు 2,400 ఉండగా యార్డులో దానికి చాలా కిందికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ముందటేడాది ‘మొక్కజొన్నే బంగారం’ అన్న నోళ్ళే అవి.

బావ పొలం మీదికొద్దాం. ఇప్పుడు ఆయన వేసేది శనక్కాయ, మధ్యలో కంది సాళ్ళు. శనక్కాయ కట్టె ఎద్దులకు, రెండు బర్రెలకు ఆరు నెలల మేత. కంది ఆకు రాలి నేలకు బలం. మొక్కజొన్న వేస్తే యూరియా బస్తాలు పెరుగుతాయి, చొప్ప వస్తుంది గానీ శనక్కాయ కట్టె ముందు బర్రె దాన్ని చూడను కూడా చూడదు. ఏజెంటు చెప్పే క్వింటాలు ధరలో ఈ మేత ఖర్చు కలపలేదు. కలిపి చూడు బావా అంటే, “అది మీ అక్కకు తెలుసు, నాకు తెల్దు” అన్నాడు. అక్క లెక్కలో మొక్కజొన్న ఓడిపోయింది.

వాన బాగా పడే చోట, మేతకు వేరే ఆధారం ఉన్నవాళ్ళు, రాతపూర్వకంగా ధర ఇచ్చే కొనుగోలుదారు ఉంటే మొక్కజొన్న వేసుకోవచ్చు. మడకశిరలాంటి చోట, బోరు నీళ్ళు పోసి ఇథనాల్ కోసం వెయ్యొద్దు.

ఫ్యాక్టరీయే మీ ఊరికి వస్తానంటే అది ఇంకో రకం ఎంపిక. మొలాసిస్ డిస్టిలరీలో లీటరు ఇథనాల్‌కు 8 నుంచి 15 లీటర్ల వ్యర్థ జలం వస్తుంది, ముదురు గోధుమ రంగులో, కంపుతో. చుక్క కూడా బయటికి వదలకూడదని నిబంధన. ధాన్యం డిస్టిలరీ కొంచెం నయమే గానీ దానికీ నీళ్ళు, బాయిలరుకు బొగ్గో పొట్టో కావాలి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డు మీద కూర్చుంటే ఫ్యాక్టరీ పనులు ఆగాయి. వాళ్ళు అడిగినవన్నీ నీళ్ళు, గాలి, పొలం గురించే. గ్రామసభలో మీరు ఒకటే పట్టుకోండి: నీళ్ళు ఏ చెరువు నుంచి, ఏ కాలువ నుంచి, రోజుకు ఎన్ని లక్షల లీటర్లు, కాగితం మీద చూపించమనండి. ఉద్యోగాల సంగతి తర్వాత.

బియ్యం, గడ్డి: రెండు మాటల్లో

టన్ను బియ్యం నుంచి 450 లీటర్ల ఇథనాల్. కిలో బియ్యానికి 3,000 లీటర్ల నీళ్ళని తక్కువలో తక్కువ వేసుకున్నా లీటరు ఇథనాల్‌కు 6,600 దాటుతుంది. చెరుకు రసం కంటే రెండింతలు. వరి, చెరుకు కలిసి దేశంలో సాగునీటిలో 70 శాతం తాగేస్తున్నాయని అదే నీతి ఆయోగ్ నివేదిక. ముక్కిపోయిన, పురుగు పట్టిన బియ్యమైతే బండికే పోనివ్వండి. మంచి బియ్యం గోదాము నిండిందని పొయ్యడం అంటే వరి తగ్గించాల్సిన ప్రభుత్వం వరికి ఇంకో కొనుగోలుదారును చూపించడమే. 2023 జూలైలో బియ్యం ధరలు పెరుగుతున్నాయని ఒక్కసారిగా సరఫరా ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు.

గడ్డి నుంచి తీసే రెండో తరం ఇథనాల్ వినడానికి చాలా బాగుంటుంది. పానిపట్‌లో 2022 ఆగస్టులో మొదలైన ప్లాంటు ఏడాదికి రెండు లక్షల టన్నుల వరిగడ్డితో మూడు కోట్ల లీటర్లు తీసేలా కట్టారు. అక్కడ గడ్డిని తగలబెడతారు కాబట్టి సరిపోయింది. మా సీమలో వరిగడ్డి వామి అంటే బ్యాంకు డిపాజిట్. మేతకు లారీల మీద కొనుక్కొచ్చే చోట గడ్డి ప్లాంటు మాటెత్తితే రైతు నవ్వుతాడు.

బంజరు అనే మాట మీద జాగ్రత్త

2003లో దేశమంతా అడవి ఆముదం, అదే జట్రోఫా, పిచ్చి పట్టింది. నీళ్ళక్కర్లేదు, బంజర్లో పెరుగుతుంది, డీజిల్ కాస్తుంది అన్నారు. మా పక్కూరి గుట్ట మీద కూడా నాటారు. మొక్క బతికింది, కాయ కాయలేదు. కాయాలంటే నీళ్ళు కావాలి. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేసిన లెక్కలో లీటరు జట్రోఫా బయోడీజిల్‌కు దాదాపు 20,000 లీటర్ల నీళ్ళు. ట్యాంకర్లు మూడుకు పైనే!

ఆ గుట్ట ఎవరిదీ కాదని రికార్డులో బంజరని రాసుకున్నారు గానీ, పొద్దున్నే గొర్రెలు ఎక్కేది అక్కడికే. ఇప్పుడు నేపియర్ గడ్డి వంతు. పశువులకు వేసే ఈ పొడవాటి మేత గడ్డి నుంచి గ్యాసు తీస్తామంటున్నారు. 2025 ఏప్రిల్లో ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది, రాష్ట్రమంతా ఇలాంటివి 500 పెడతామన్నారు. సిటీ గ్యాస్‌లో 2025-26 నుంచి 1 శాతం, 2028-29కి 5 శాతం బయోగ్యాస్ కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది కాబట్టి కొనేవాళ్ళకు కొదవ ఉండదు. నేపియర్ కోసిన కొద్దీ వస్తుంది, నిజమే. తడి పెట్టిన కొద్దీ వస్తుంది, అదీ నిజమే. కనిగిరిలో ఆ తడి ఎక్కడిదో ముందు తేలాలి. కాలువ కింద, పాడి ఉన్న రైతు గట్టున వేసుకుని పశువులకు పెట్టి, పేడను ప్లాంటుకు అమ్మడం నాకు ఇంకా తెలివైన పని అనిపిస్తుంది. పేడ నుంచి గ్యాస్ తీశాక కూడా ఎరువు మిగులుతుంది.

సోలారుతో పోల్చక తప్పదు

బావకు వచ్చిన రెండో కబురు ఇది. మడకశిరకు పక్కనే పావగడ. కర్ణాటకలో ఉన్నా అక్కడ సంత భాష తెలుగే. 2,050 మెగావాట్ల సోలారు పార్కు, దాదాపు 13,000 ఎకరాలు, రైతుల దగ్గర కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపుతో లీజుకు తీసుకున్నారు.

శక్తి లెక్కలో పోటీయే లేదు. ఎకరాకు 40 టన్నుల చెరుకు, దాన్నంతా రసం ఇథనాల్ చేస్తే 2,800 లీటర్లు, అంటే 16,000 యూనిట్ల శక్తి. అదే ఎకరాలో పావగడ పద్ధతిలో పలకలు పెడితే తక్కువలో తక్కువ 2.4 లక్షల యూనిట్ల కరెంటు. పదిహేను రెట్లు. పైగా ఇంజన్లో పోసిన ఇథనాల్‌లో ముప్పావు వంతు వేడిగా పోతుంది, మోటారులో కరెంటు అంత పోదు. బండి నడపడానికే నేల కేటాయించాలనుకుంటే, పంట పెట్టి నడపడం కంటే పలకలు పెట్టి నడపడం ఎంతో నయం.

మరి బావను లీజుకివ్వమన్నానా? లేదు. పావగడలో నేల ఉన్నవాడికి అద్దె వస్తోంది. ఆ నేలలో కలుపు తీసి బతికిన ఆడవాళ్ళకు, గొర్రెలు మేపినవాళ్ళకు కంచె వచ్చింది. ఆరెకరాల్లో సొంతంగా సేద్యం చేసుకునేవాడికి 21,000 ఆశ పెట్టే అంకె కాదు. ఇరవై ఎకరాలు బీడు పెట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకునేవాళ్ళకు మాత్రం (మీలో కొందరున్నారు, నాకు తెలుసు) ఇది ఇథనాల్ పంట కంటే మంచి బేరం.

కానుగ: పెద్దగా ఆశ పెట్టకుండా

మార్చి, ఏప్రిల్‌లో బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద పేలాలు చల్లినట్టు లేత ఊదా తెల్లటి పూలు పడుంటాయే, అది కానుగ. ఇక్కడివాళ్ళు హొంగె అంటారు. మా తాత దాని పుల్లతో పళ్ళు తోమి, ఆకు మడిలో తొక్కి, నూనెతో దీపం పెట్టేవాడు. దానికి నీళ్ళు ఎవరూ పొయ్యరు, మేక తినదు, గట్టు మీద ఉంటుంది కాబట్టి వేరే నేల అక్కర్లేదు, తిండి నూనె కాదు కాబట్టి ఎవరి కంచంలోంచీ తీసింది కాదు. నేనడిగే ప్రశ్నలన్నింటిలో పాసయ్యే చెట్టు ఇదొక్కటే.

ఇది మాటవరసకు చెప్పేది కాదు, చేసి చూసినవాళ్ళున్నారు. ఇక్కడి ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస తుమకూరు జిల్లా కగ్గనహళ్ళిలో డీజిల్ ఇంజన్లను నేరుగా కానుగ నూనెతో నడిపించి నీళ్ళు తోడించారు. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ నూనె తీసి, 2003లో 147 టన్నుల కార్బన్ క్రెడిట్లను (గాలిలోకి పోయే కార్బన్‌ను తగ్గించినందుకు కట్టే లెక్క) ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. హాసన్ దగ్గర మడెనూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ బయోఫ్యూయెల్ పార్కు ఉంది, మంచి రకం మొక్కలు కావాలంటే అక్కడ కనుక్కోవచ్చు.

ఆశ ఎందుకు పెట్టొద్దంటున్నానంటే: చెట్టు కాపుకు రావడానికి ఐదారేళ్ళు. ఏరడం, కాయ కొట్టి గింజ తియ్యడం అంతా చేత్తో. నాలుగు కిలోల గింజలు గానుగకు వేస్తే లీటరు నూనె. ఆ నూనెను సబ్బులవాళ్ళు, పురుగుమందులవాళ్ళు డీజిల్ ధరకు తక్కువ కాకుండా కొంటున్నప్పుడు దాన్ని ఇంజన్లో ఎందుకు పొయ్యాలి? మిగిలిన చెక్క మంచి ఎరువు. గట్టున ఇరవై చెట్లుంటే ఇంటి ఖర్చులకు ఆసరా. దేశం బండి దీంతో నడవదు.

ఫ్లాటులో ఉన్నవాళ్ళకు

ఇక్కడ ఎంపిక సులువు. వాడిన నూనె ముందు, తడి చెత్త తర్వాత.

వాడిన వంట నూనెకు కొత్తగా నేల అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, ఎవరి తిండీ తగ్గదు. పైగా తగ్గాల్సిన తిండి తగ్గుతుంది: మరిగించి మరిగించి నల్లబడిన నూనె హోటళ్ళ నుంచి చవగ్గా బజ్జీల బండ్లకు చేరే దారి ఒకటుంది. దాన్ని ఆపడానికే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ధ్రువ పదార్థాలు (మరిగించిన కొద్దీ నూనెలో పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడొద్దని, ఆ తర్వాత రోజుకు 50 లీటర్లకు మించి వాడే హోటళ్ళు లెక్క రాసి బయోడీజిల్‌వాళ్ళకు ఇవ్వాలని చెప్పింది. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన ఒక 50 లీటర్ల క్యాను పెట్టాం. దీపావళి వారంలో చెక్కిలాలు, కజ్జికాయల పుణ్యమా అని నిండిపోయింది. మామూలు నెలల్లో సగం కూడా నిండదు. సేకరించేవాడు లీటరుకు నలభై ఇచ్చాడు, వాచ్‌మెన్ పిల్లల పుస్తకాలకు ఇచ్చేశాం. సింకులో పోస్తే పైపులు పూడి ప్లంబరుకు ఇచ్చేదానితో పోలిస్తే అది లాభమే. ఒకటే షరతు, తీసుకెళ్ళేవాడి దగ్గర రసీదు, రిజిస్ట్రేషను చూడండి. లేకపోతే మన నూనే బజ్జీలై మన పిల్లలకే వస్తుంది.

తడి చెత్త బయోగ్యాస్ విషయంలో మేము దెబ్బ తిన్నాం. 180 ఫ్లాట్లు, రోజుకు వంద కిలోల తడి చెత్త. దాని నుంచి ఎనిమిది, పది ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, అంటే నాలుగు కిలోల ఎల్‌పీజీకి సమానం, మూడున్నర రోజులకు ఒక సిలిండరు. లెక్క బాగుంది కదా అని ప్లాంటు పెట్టించాం. పెట్టినవాళ్ళు నాలుగో నెల నుంచి ఫోనెత్తలేదు. మా తప్పూ ఉంది. దసరా తర్వాత కొబ్బరి పీచు, గుమ్మడికాయ ముక్కలు, పూజ నిమ్మకాయలు బుట్టలు బుట్టలుగా వేసేశారు. పులుపెక్కి లోపలి సూక్ష్మజీవులు చచ్చాయి. గ్యాసు ఆగింది, వాసన మొదలైంది. ఇప్పుడు కంపోస్టు చేస్తున్నాం.

కాబట్టి: క్యాంటీనో, క్లబ్ హౌస్ వంటిల్లో ఉండి గ్యాసు అక్కడికక్కడే వాడేసుకోగలిగితే, రోజూ చూసుకునే మనిషికి జీతం ఇవ్వగలిగితే బయోగ్యాస్. లేకపోతే కంపోస్టే, సిగ్గుపడాల్సిన పని లేదు. వాస్తవానికి ఈ పని ఒక్కో అపార్ట్‌మెంటు కాకుండా వార్డుకొకటిగా నగరం చెయ్యాలి.

కారు దగ్గర

ఇక్కడ ఎంచుకోవడానికి పెద్దగా లేదు, బంకులో ఉన్నదే పోస్తారు. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20కి తట్టుకునేవి, 2025 ఏప్రిల్ నుంచి ఇంజను కూడా దానికే సర్దినది. అంతకు ముందువాటికి మైలేజీ నూటికి ఆరేడు వంతులు తగ్గొచ్చని నీతి ఆయోగే రాసింది, స్కూటర్లకు మూడు నాలుగు. నాది 2016 కారు, తేడా నాకు దాదాపు అంతే కనపడింది. సర్వీసింగులో ఇంధన గొట్టాలు, సీళ్ళు చూడమని అడగండి. ఇథనాల్ కలపని 100 ఆక్టేన్ పెట్రోలు కొన్ని బంకుల్లో ఉంది గానీ, ఆ ధర పెట్టి పాత కారులో పొయ్యడం నాకు దుబారా అనిపిస్తుంది. కొత్త బండి కొనేవాళ్ళు రోజూ ఊళ్ళోనే తిరిగేటట్టయితే కరెంటు బండి చూడండి, పావగడ లెక్క పైన చెప్పానుగా.

బావకు చివరికి చెప్పింది ఇదీ: శనక్కాయ, కంది అట్లాగే ఉండనీ, ఒక ఎకరా రాగులు వెయ్యి, గట్టున కానుగలు ఏరించు, మొక్కజొన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఏజెంటు మళ్ళీ వస్తే వాన రాకపోతే నీళ్ళు ఎక్కడివని అడుగు అన్నా. వారం తర్వాత ఫోన్ చేశాడు.

“అడిగినా బామ్మర్దీ.”

“ఏమన్నాడు?”

“నీ బోరు ఉండాది కదా అన్నాడు.”